అప్రస్తుత ప్రసంగం

మంగళవారం రాత్రి, హల్ ఊళ్లో,
పబ్ మీది గదిలో ఆడేవాళ్లం నలుగురం, చూసేవాళ్లు ముగ్గురు.
ఆ ముగ్గుర్లో ఒకడు వాన తగ్గేదాకా ఆగినవాడు.
"ఏదైనా ఒక చోటు పేరు చెప్పండి" అని మేమడిగితే
కింద నడుస్తున్న క్విజ్‌లోంచి, చెక్కనేల సందుల్లోంచి
"బొలీవియా!" అని జవాబొచ్చింది.
సరే అనుకుని బొలీవియాలోనే ఆడేశాం.

ఆట అయ్యాక చిప్స్ పొట్లం చుట్టూ చేరి
వెనిగర్ అంటిన వేళ్లతో కలలు పంచుకుంటాం:
అద్దె లేకపోతే, సిగ్గు లేకపోతే
ఎక్కడ ఆడాలనుంది?

ఇడ్రిస్‌కి హంబర్ వంతెన నట్టనడుమ కావాలట.
గాలి సగం మాటల్ని లింకన్‌షైర్‌కి ఎత్తుకుపోతే
తక్కిన సగం అవతలి ఒడ్డు వాళ్లే కల్పించుకోవాలట.

మోర్వెన్‌కి బస్ స్టేషన్‌లో
జనం మరచిపోయిన సామాన్ల గది.
"ఒంటి చేతితొడుగు తన జోడీని వెతుక్కునే నాటకం
ఎన్ని రాత్రులైనా ఆడొచ్చు" అంటుంది,
ఉన్న ఒక్క గొడుగునీ ఎక్కడో వదిలేసొచ్చి.

కయోడేకి రేవు దగ్గర చేపల ఐస్ గిడ్డంగి.
"నవ్వితే నోట్లోంచి పొగ రావాలి.
ఎవడు నవ్వలేదో అందరికీ తెలియాలి."

నా వంతుకి నేను మాట మార్చాను.
మా వైపు ఒక ఆట ఉందని చెప్పాను:
ఎనిమిది మంది కూర్చుని ఒకణ్ణి పద్యాలు అడుగుతారు,
అందులో ఒకడి పని
సంబంధం లేని మాటలతో అడ్డం పడటం. అంతే, అదే పని.
"వాడికి జీతమిస్తారా?" అన్నాడు కయోడే.
శాలువా కప్పుతారన్నాను.
కాసేపు ఆలోచించి, "ఏ రంగు?" అన్నాడు.

నా చోటు చెబితే డ్యూటీ గురించి చెప్తున్నాననుకుంటారు.
ఆసుపత్రి కింది అంతస్తులో
వినికిడి పరీక్ష చేసే పెట్టెలాంటి గది. గోడలకి మెత్తలు.
తలుపు మూస్తే
మన గుటక మనకే మద్దెలలా వినబడుతుంది.
లోపలి మనిషి కళ్లు మూసుకుని
ఒక చిన్న కూత కోసం కాచుకుంటాడు.
వినబడితే మీట నొక్కుతాడు.
కథ వింటూ ఊఁ కొట్టినట్టే.
ఇంత ఆశగా వినేవాడు ఏ హాల్లో దొరుకుతాడు?

ట్రాలర్ల మీద వంట చేసిన హార్డేకర్ గారికి ఎనభై రెండు.
నేనింకా కూత వదలకముందే
మీట నొక్కుతూ పోతున్నాడు, టకటకా.
అద్దంలోంచి చెయ్యి ఊపి మైకులో అరిచాను:
"ఇంకా మొదలవలేదండీ!"
"మరి ఇందాకట్నుంచీ పిలుస్తున్నదెవరు?"

మా ఆటకున్న సూత్రం ఒకటే,
ఎదుటివాడి మాట కాదనకూడదు.
"మీ కెప్టెనేమో. గంజి మాడు వాసనొస్తోందట."
"అది గంజి కాదమ్మా, అతని బూట్లు. ఆరబెట్టమన్నాడు."
పదకొండు నిమిషాలు ఆ పెట్టె ఉత్తర సముద్రంలో తేలింది.
ఓ సీల్ చేప పొయ్యి దగ్గర చలి కాచుకుంది.
బయట కూర్చున్నావిడ రెండుసార్లు తలుపు తట్టింది,
రెండుసార్లూ మేమది పెనుగాలి అనుకున్నాం.

తర్వాత గ్రాఫ్ గీశాను. ఎడమ చెవి బాగా మందం.
మిగతాది రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.

ఈ మంగళవారం మెట్లెక్కి వచ్చాడాయన,
ఒక్కో మెట్టునీ తిట్టుకుంటూ.
చెవిలో కొత్త మిషన్ కీచుమంటోంది.
చూసేవాళ్లు ఇప్పుడు నలుగురు.
కయోడే తన ఆకుపచ్చ మఫ్లర్ తీసి ఆయన భుజాల మీద కప్పాడు,
ఎందుకో ఆయన అడగలేదు.
దీపం తగ్గింది. మేమింకా నోరు తెరవలేదు.
ముందు వరసలో
మోకాలి మీద ఆయన బొటనవేలు
అప్పుడే నొక్కుతోంది.